మూడు ముద్రలు పడిన చీటీ

కుజే రబ్బరు కర్మాగారంలో మనిషన్నవాడు నెలకు మూడు మెరుగుదలలు కనిపెట్టి తీరాలి. అది నియమం. కుళాయిలకూ, నీళ్ళ తొట్లకూ రబ్బరు రింగులు తయారుచేసే ఆ షెడ్డులో మెరుగుపరచగలిగినదంతా ముప్ఫై ఏళ్ళ కిందటే మెరుగుపడిపోయింది. అయినా నియమం నియమమే. అందుకని ప్రతి నెలా ఇరవై అయిదో తారీకున నూట నలభై మంది పెన్ను నోట్లో పెట్టుకుని పైకప్పు వంక చూసేవారు. ఒకడు చీపురును పిడి కిందికి ఉండేలా తగిలించాలని రాసేవాడు. పై నెల ఇంకొకడు పిడి పైకి ఉండేలా తగిలించాలని రాసేవాడు. రెండూ ఆమోదం పొందేవి. చీపురు మాత్రం ఎప్పటిలా గోడకు ఆనుకుని ఉండేది.

ఇలాంటి చోట సెగావా యొషినొబు అనే తనిఖీదారు నెలకు రెండు వందల పైచిలుకు చీటీలు రాసేవాడంటే, ఆయన్ని నెత్తిన పెట్టుకోక ఏం చేస్తారు? క్యాంటీను గుమ్మం పక్కన ఆయన ఫొటో పెట్టారు. కొత్తగా చేరిన పిల్లలకు ఆయన్ని చూపించి, పని మీద ప్రేమంటే అదీ అని చెప్పేవారు. ఇరవై అయిదో తారీకు మధ్యాహ్నం ఆయన బల్ల దగ్గర చిన్న వరస తయారయ్యేది. "సెగావా గారూ, మిగిలినవేమైనా ఉంటే రెండు పడేద్దురూ, పుణ్యముంటుంది" అనేవారు. ఆయన నవ్వి నాలుగిచ్చేవాడు.

యాభై మూడేళ్ళ మనిషి ఇంతింత ఎందుకు రాస్తున్నాడని ఎవరూ అడగలేదు. బాగా పనిచేసేవాణ్ణి ఎందుకని అడగడం మర్యాద కాదు కదా.

ఎందుకో ఆయన భార్య తోకికోకు తెలుసు. తెలుసంటే, ఎప్పుడు మొదలైందో తెలుసు. ఎనిమిదేళ్ళ కిందట ఆయనకు మూర్ఛ వచ్చింది. రాతా దాని వెనకాలే వచ్చింది. పెళ్ళినాటికి కొత్త సంవత్సరపు కార్డు మీద నాలుగు ముక్కలు రాయమంటే తల గోక్కునే మనిషి, ఒక్కసారిగా కాగితం కనబడితే చాలు ఆగలేని మనిషయ్యాడు. భోజనం మధ్యలో లేచి వెళ్ళి రాసేవాడు. స్నానాల గదిలోంచి తడి చేతులతో వచ్చి రాసేవాడు. చిన్న చిన్న అక్షరాలు, అంచుల దాకా, ఒక్క ఖాళీ గడి వదలకుండా.

మూర్ఛ అంటే మనిషి కింద పడాలి, కాళ్ళూ చేతులూ కొట్టుకోవాలి, నోట నురగ రావాలి, లేకపోతే అది లెక్కలోకి రాదని కుజే రబ్బరు వారి నమ్మకం. సెగావా అలా పడేవాడు కాదు. చేస్తున్న పని ఆపేవాడు. పెదవులు చప్పరించేవాడు. కుడిచెయ్యి చొక్కా రెండో గుండీని పట్టుకుని తిప్పుతూ ఉండేది. ఒక నిమిషం అలా ఉండి, తిరిగి వచ్చి, ఎక్కడున్నానా అన్నట్టు చుట్టూ చూసేవాడు. సెక్షను చీఫ్ ఇనగాకి దానికి "ఆలోచనలో మునగడం" అని పేరు పెట్టాడు. మెరుగుదలలన్నీ ఆ మునకలోంచే వస్తాయని కూడా ఆయన ఊహ. అచ్చు పోసే యంత్రం మీద నుంచి సెగావాను తీసి మూడో తనిఖీ బల్లకు మార్చింది ఇనగాకీయే. ఎందుకు మార్చాడో ఆయన చెప్పలేదు, ఎందుకు మార్చారని ఈయన అడగలేదు. సెగావా కారు లైసెన్సు తిరిగి ఇచ్చేసి సైకిలు మీద రావడం మొదలుపెడితే, ఆరోగ్యానికి సైకిలే మంచిదని షెడ్డంతా మెచ్చుకుంది. అందరికీ అంతా తెలుసు. నోరు విప్పితే ఎదుటివాడు ఇబ్బంది పడతాడని ఎవరికి వారు ఎంతో దయగా నోరు మూసుకున్నారు.

ఆ నిమిషానికి తోకికో భయపడటం ఎప్పుడో మానేసింది. ఆమె భయమంతా ఆ తరువాత వచ్చే రోజుల గురించి. ఫిట్ వచ్చిన రోజు బాగానే ఉండేవాడు. మరునాడూ బాగానే ఉండేవాడు. రెండో రోజో మూడో రోజో పొద్దున్నే ఆయన ముఖంలో దీపం తీసేసినట్టయ్యేది. మిసో సూపు గిన్నె ముందు పెడితే చల్లారేదాకా దాన్ని చూస్తూ కూర్చునేవాడు. "నా వల్ల నీకెంత ఇబ్బంది" అనేవాడు. కాసేపాగి మళ్ళీ అదే మాట అనేవాడు. నాలుగు రోజులు. అయిదో రోజు లేచి, నేలమీద పడిన బియ్యపు గింజను కూడా ఏరి, ఏమీ జరగనట్టు పనికి పోయేవాడు. ఆ నాలుగు రోజుల్లో ఏదో ఒక రోజు ఈ మనిషి సైకిలెక్కి వెళ్ళి ఇక రాడని తోకికో భయం. ఎనిమిదేళ్ళుగా ఆమెకు ఉన్నది ఆ ఒక్క భయమే. వంటింటి క్యాలెండరులో ఫిట్ వచ్చిన రోజుకు ఎర్ర ఇంటూ, కుంగిపోయిన రోజుకు నల్ల సున్నా పెట్టేది.

ఆ క్యాలెండరు కాగితాలు పట్టుకుని రెండు నెలలకోసారి పెద్దాసుపత్రికి వెళ్ళేవారు. మూడు గంటలు కూర్చుంటే మూడు నిమిషాల దర్శనం దొరికేది. డాక్టరు నగుమో నరాల జబ్బుల్లో పేరున్నవాడు. కంప్యూటరు తెరను వదిలి ఆయన చూపు పక్కకు తిరగడం అరుదు.

"ఎన్ని?" అనేవాడు.

"రెండండీ" అనేవాడు సెగావా.

"పోయినసారి అయిదు. భేష్. మందు పనిచేస్తోంది."

డిసెంబరులో వెళ్ళినప్పుడు తోకికో ధైర్యం చేసి నోరు తెరిచింది. "డాక్టరు గారూ, ఫిట్స్ తగ్గాయండీ. కాని ఆ తరువాత రెండో రోజు నుంచి ఈయన మరీ..."

బల్ల కింద సెగావా మోకాలు ఆమె మోకాలికి తగిలింది. "ఏం లేదండీ, కాస్త అలసట. మీ చలవ వల్ల బాగున్నాను" అన్నాడు.

"అలసట సహజమేనమ్మా. నిద్రపోతున్నారా? సరే. మనసు సంగతైతే అది వేరే విభాగం. వెనక భవనం. కాగితం రాసిస్తాను, కాకపోతే అయిదు నెలల దాకా ఖాళీ లేదు" అన్నాడు నగుమో, టకటకా కొడుతూనే. మెడ మీద ఉన్నది తన విభాగమట, దాని లోపల ఉన్నది వెనక భవనమట. తోకికోకు ఒళ్ళు మండింది. అయినా లేచి, నడుం వంచి, కృతజ్ఞతలు చెప్పి వచ్చింది. అలవాటు అలాంటిది.

మందు పుణ్యమా అని ఫిట్స్ తగ్గాయి గాని రాత తగ్గలేదు. కర్మాగారం చాలక ఇల్లు కూడా మెరుగుపడటం మొదలైంది. సోయా సాసు సీసా ఎక్కడుండాలో అక్కడ పచ్చ టేపుతో గుండ్రం చుట్టాడు. రిమోటుకో టేపు పెట్టె, కత్తెరకో టేపు పెట్టె. పొయ్యి ముందు నేలమీద రెండు పాదాల ఆకారాలు అతికించి, "ఇక్కడ నిలబడితే నీకు ఆరడుగులు కలిసొస్తాయి" అన్నాడు.

"ఆ కలిసొచ్చిన ఆరడుగులూ వేసుకుని నేనెక్కడికి పోవాలండీ?" అంది తోకికో.

ఆయన నిజంగానే ఆలోచించాడు. "అది ఇంకో చీటీలో రాస్తాను" అన్నాడు. ఆమెకు నవ్వొచ్చింది. అలాంటి రోజుల్లో ఆయనంటే ఆమెకు ముద్దొచ్చేది కూడా.

ఫిబ్రవరి మొదటి వారంలో ఇనగాకి ఇంటికొచ్చాడు. మిఠాయి పెట్టె రెండు చేతులా అందించి, చెప్పులు గుమ్మం వైపు తిప్పిపెట్టి, దుప్పటి కప్పిన కొటత్సు బల్ల పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. నలభై అయిదేళ్ళవాడు, పైవాళ్ళ ముందు వంగి వంగి, నిటారుగా నిలబడినా కాస్త వంగినట్టే కనిపిస్తాడు.

"సెగావా గారికి ఈ ఏడు అధ్యక్షుడి బహుమానం వచ్చిందమ్మా. ఆయనకు పోయిన నెలలోనే చెప్పాం. పదహారో తారీకు, శుక్రవారం సత్కార సభ. మా సెక్షనుకే గర్వకారణం" అన్నాడు. "ఒక చిన్న సాయం. ఈ ఏడాది చీటీల్లోంచి ఆణిముత్యాల్లాంటివి ఓ పది ఏరిపెట్టారంటే పెద్దవి చేసి హాల్లో తగిలిస్తాం. ఇల్లాలు ఏరినవంటే సభకు నిండుగా ఉంటుంది."

"నాకేం తెలుసండీ రబ్బరు గురించి? మీరే ఏరితే బాగుంటుందేమో."

"అయ్యో, అన్నీ మంచివేనమ్మా, నేనెలా ఏరగలను?" అన్నాడు ఇనగాకి ఎంతో మర్యాదగా.

ఆమోదం పొందిన చీటీలు నెలనెలా తిరిగి ఇంటికొచ్చేవి. సెగావా వాటిని నారింజ పళ్ళ అట్టపెట్టెల్లో తేదీల వారీగా పేర్చి పరుపుల అలమరలో పెట్టేవాడు. ఎనిమిదేళ్ళలో తోకికో ఒక్కటి కూడా చదవలేదు. మొగుడి చీటీలు చదివే తీరిక ఏ ఇల్లాలికి ఉంటుంది?

పదో తారీకు శనివారం సెగావాకు ఒకే రోజు రెండు ఫిట్స్ వచ్చాయి. సోమవారం పొద్దున్న ముఖంలో దీపం ఆరింది. మంగళవారం అన్నం ముట్టకుండా, టోపీ సరిగ్గా పెట్టుకుని, పనికి వెళ్ళాడు. వెళ్ళొద్దంటే వినలేదు. సత్కారం ముందు సెలవు పెడితే నలుగురికీ ఇబ్బందట. సైకిలు మలుపు తిరిగేదాకా చూసి, తోకికో లోపలికొచ్చి, చేతులకు ఏదో ఒక పని కావాలని ఆ అట్టపెట్టె దించుకుంది.

మొదట్లో హాయిగానే సాగింది. రింగులు ఎంచే ట్రేకు మూల విరవడం. చేతి తొడుగులను ఎడమ, కుడి వేరుగా పెట్టడం. క్యాంటీనులో చాప్‌స్టిక్కుల డబ్బాను నాలుగంగుళాలు జరపడం. ఒక్కో చీటీ కింద మూడు ఎర్ర ముద్రలు: సెక్షను చీఫ్, విభాగాధిపతి, మేనేజరు. చిన్నవాడి ముద్ర పెద్దవాడి ముద్ర వైపు కాస్త ఒరిగి ఉండాలని అక్కడి ఆచారం, దండం పెడుతున్నట్టు. ఇనగాకి ముద్ర ఎంత ఒరిగిందంటే ఇంకాస్తయితే బోర్లా పడేది. పక్కన ఒక్క ముక్క వ్యాఖ్య. "దృష్టి బాగుంది." "వెంటనే అమలు చేయండి." "ఈ పద్ధతిని ఇతర చోట్లకూ విస్తరించండి." తోకికో నాలుగైదు పక్కన పెట్టింది.

జూన్ కట్టలో ఒక చీటీ దగ్గర ఆమె చెయ్యి ఆగింది.

"ప్రస్తుత పరిస్థితి: మూడో బల్ల దగ్గర ఒక తనిఖీదారు ఉన్నాడు. నెలకు రెండు మూడు సార్లు, ఒక నిమిషం పాటు, మనిషి ఉంటాడు గాని లోపల ఎవరూ ఉండరు. సమస్య: ఆ నిమిషంలో దాటిపోయిన రింగులను పక్క బల్లలవారు మళ్ళీ చూడవలసి వస్తోంది. వారు మంచివారు గనుక పైకి అనరు. సూచన: తనిఖీదారును తొలగించడం. ఫలితం: అందరికీ నిశ్చింత." కింద మూడు ముద్రలు. "దృష్టి బాగుంది. ఈ పద్ధతిని ఇతర చోట్లకూ విస్తరించండి."

ఉద్యోగం మానేద్దామనుకున్నాడు కాబోలు, నాతో ఒక్క మాటైనా అనలేదే అనుకుంది తోకికో. తేదీ చూసింది. లేచి వెళ్ళి పాత క్యాలెండరు తెచ్చి పక్కన పెట్టుకుంది. నల్ల సున్నా. ఇక ఆణిముత్యాలు ఏరడం మాని నల్ల సున్నాల తేదీలే ఏరసాగింది.

ఆగస్టు. "పై అధికారుల సలహా ప్రకారం ఈ పద్ధతిని ఇంటికి విస్తరించడమైనది. ప్రస్తుత పరిస్థితి: ఇంట్లో ఒక భార్య ఉంది. ఆమె వంటింటి క్యాలెండరులో గుర్తులు పెడుతోంది. గుర్తు పెట్టేటప్పుడు ఊపిరి బిగబట్టుకుంటుంది. ఎనిమిదేళ్ళుగా ఆమె అక్కచెల్లెళ్ళతో వేడినీటి బుగ్గలకు వెళ్ళలేదు. సమస్య: భర్త. సూచన: పైన చెప్పిన విధంగానే." మూడు ముద్రలు. "చాలా బాగుంది. ఇంటి స్థాయిలో కూడా ఆలోచించడం ఆదర్శప్రాయం."

అక్టోబరు, నవంబరు, డిసెంబరు. నెలకొకటి, ఒక్కోసారి రెండు. ప్రతిదానికీ గడులన్నీ నిండి ఉన్నాయి, ప్రతిదానికీ ముద్రలు పడ్డాయి. అడుగున జనవరిది.

"సూచన: నిరుపయోగమైన వస్తువును శాశ్వతంగా తొలగించడం. అమలు తేదీ: ఫిబ్రవరి పదిహేడు, శనివారం. కారణం: సత్కార సభ ముగిసి ఉంటుంది గనుక సెక్షనుకు చెడ్డపేరు రాదు. సెలవు రోజు గనుక ఉత్పత్తికి ఆటంకం లేదు. బాధ్యుడు: సెగావా." మూడు ముద్రలు. ఒరిగిన ముద్ర పక్కన ఇనగాకి చేతిరాత. "ప్రణాళిక స్పష్టంగా ఉంది. తేదీ తప్పకుండా పాటించండి."

ఆ రోజు మంగళవారం. తోకికో చీటీలు ఏప్రాన్ జేబులో కుక్కుకుని, పొయ్యి ఆర్పిందో లేదో రెండుసార్లు చూసి, సైకిలు తీసింది. ఎదురుగాలి. ఆ ఎన్షూ ప్రాంతంలో ఫిబ్రవరి గాలి మనిషి అటు పోతుంటే ఇటే తోస్తుంది. సగం దూరం తొక్కి, సగం దూరం తోసుకుంటూ కర్మాగారం చేరింది. వాచ్‌మన్ ఆమెను ఆపి, సందర్శకుల పుస్తకంలో "పని" అన్న గడి నింపమన్నాడు. ఆమె "మెరుగుదల" అని రాసింది. అతను సెల్యూట్ కొట్టి పంపించాడు.

ఇనగాకి కార్యాలయంలో సభకు కుర్చీల వరసలు గీస్తున్నాడు. ఏప్రాన్ మీద వచ్చిన ఆవిడను చూసి లేచి నిలబడ్డాడు.

"అప్పుడే ఏరేశారా అమ్మా? మీకు శ్రమ ఇచ్చాం."

తోకికో జనవరి చీటీ ఆయన ముందు పెట్టింది. ఇనగాకి చదివాడు. మళ్ళీ మొదటి నుంచి చదివాడు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి, తరువాత తెల్లబడ్డాయి. ఆయన లోపలి సెక్షను చీఫ్ ముందుగా తేరుకున్నాడు.

"ఇది... ఫారం ప్రకారం అయితే అన్ని గడులూ..."

"ఇనగాకి గారూ."

"ఆమోదం అయిపోయినదాన్ని వెనక్కి తీసుకోవాలంటే రద్దు పత్రం ఒకటుంటుందమ్మా. దాని మీద సూచన చేసినవారి సంతకం..."

"ఆ మూడో బల్ల మనిషి ఎవరో మీకు తెలుసా, తెలీదా?"

ఇనగాకి గీసిన కుర్చీల వంక చూశాడు. "తెలుసు" అన్నాడు.

"ఆయన శనివారం చనిపోదామనుకుంటున్నారు. మీరు తేదీ తప్పకుండా పాటించమన్నారు. ఇప్పుడు మీ వ్యాను తాళాలు తీసుకుంటారా, లేక దానికో పత్రం నింపాలా?"

ఆమె గొంతు పెరగలేదు. అయినా గదిలో అందరి కీబోర్డులూ ఆగిపోయాయి. ఇనగాకి తాళాలు తీసుకున్నాడు.

సెగావాను పిలిస్తే వచ్చాడు. రానని అనలేదు, ఎందుకని అడగలేదు. బల్ల తుడిచి, ట్రే సర్ది, చేతి తొడుగులు ఎడమదీ కుడిదీ వేరుగా పెట్టి మరీ వచ్చాడు. వ్యానులో తోకికో ఆయన పక్కన కూర్చుని మణికట్టు పట్టుకుంది, చిన్నపిల్లాణ్ణి రోడ్డు దాటించేటప్పుడు పట్టుకున్నట్టు.

పెద్దాసుపత్రి కౌంటరులో పిల్ల, ముందుగా సమయం తీసుకోలేదు గనుక ఈ రోజు వీలుకాదని చాలా మృదువుగా చెప్పింది. అలాంటి చోట క్షమించమని వంగి వెనక్కి రావడం తోకికోకు పుట్టుకతో వచ్చిన విద్య. ఆ రోజు ఆమె వంగలేదు. "అయితే ఇక్కడే నిలబడతాను" అని కౌంటరు ముందు నిలబడింది. వెనక వరస పెరిగింది. ఇంతమందికి ఇబ్బంది కలిగించడం ఆమె జీవితంలో మొదటిసారి. ఇంత సులువని తెలిస్తే ఎప్పుడో చేసేదాన్ని కదా అనిపించింది. పావుగంటలో లోపలికి పిలిచారు.

"ఎన్ని?" అన్నాడు నగుమో, తెర వైపే చూస్తూ.

తోకికో చీటీలను తీసుకెళ్ళి ఆయన కీబోర్డు మీద పెట్టింది. తెర మీద ఏదో అక్షరం వరసగా పడుతూ పోయింది. నగుమో విసుగ్గా ఒక చీటీ ఎత్తాడు. చదివాడు. రెండోది ఎత్తాడు. మూడోది చదివేసరికి ఆయన కుర్చీ ఇటు తిరిగింది. ఎనిమిదేళ్ళలో ఆయన ముఖం పూర్తిగా చూడటం తోకికోకు అదే మొదటిసారి. ఆయనకు ఎడమ బుగ్గ మీద పుట్టుమచ్చ ఉంది.

"ఇవన్నీ ఎప్పుడు రాసినవి?"

"ఫిట్ వచ్చిన రెండో రోజు నుంచి అయిదో రోజు లోపల. క్యాలెండరుతో సరిపోల్చాను."

"నాకెందుకు చెప్పలేదమ్మా?"

"మీరు ఎన్ని అనే అడిగారండీ. ఎలా అని ఎప్పుడూ అడగలేదు."

నగుమో కుర్చీని సెగావా మోకాళ్ళ దాకా జరుపుకున్నాడు. "సెగావా గారూ, సూటిగా అడుగుతున్నాను. చనిపోవాలని ఉందా?"

తోకికో ఊపిరి బిగబట్టింది. ఆ మాట ఆమె ఎనిమిదేళ్ళుగా నాలిక చివర పెట్టుకుని తిరిగింది. అడిగితే లేని ఆలోచన పుట్టించినదాన్నవుతానేమోనని మింగింది.

సెగావా చొక్కా గుండీ వంక చూసుకున్నాడు. "ఆమోదం వచ్చిందండీ" అన్నాడు.

"ఏమిటి?"

"మూడు ముద్రలు పడ్డాయి. మొదట జూన్‌లో రాశానండీ. ఎవరైనా కాదంటారేమోనని చూశాను. ఎర్ర గీత కొట్టి, ఇదేం రాత సెగావా అని పిలిచి తిడతారేమోనని చూశాను. దృష్టి బాగుందన్నారు. ఆగస్టులో మళ్ళీ రాశాను. ఆదర్శప్రాయమన్నారు. ఎనిమిది నెలలు చూశానండీ. అంతమంది పెద్దలు చదివి, ఆలోచించి, సరేనన్నాక ఇక నేను కాదనడం ఏం బాగుంటుంది?" ఆయన తలుపు దగ్గర నిలబడిన ఇనగాకి వైపు తిరిగి, కూర్చున్నచోటే మర్యాదగా తల వంచాడు. "తేదీ పాటిస్తానండీ. మీరు బెంగ పెట్టుకోకండి."

ఇనగాకి నోరు తెరిచాడు. ఆయనేం చెబుతాడో తోకికోకు తెలుసు. పొరపాటున చూశామనో, వేరే అర్థంలో తీసుకున్నామనో అంటాడు. పై అధికారుల మీదికి తోస్తాడు. ఇరవై ఏళ్ళ కొలువు నేర్పిన విద్య అది. ఏదో ఒక మెత్తని అబద్ధం చెప్పి ఈ మనిషిని బతికించవయ్యా అని ఆమె లోపల్లోపల మొక్కుకుంది.

"చదవలేదు" అన్నాడు ఇనగాకి.

సెగావాకు అర్థం కాలేదు. "దేన్ని?"

"దేన్నీ చదవలేదు సెగావా గారూ. నెలకు రెండు వందలు. కట్ట తీసుకోవడం, ముద్ర కొట్టడం, పక్కన ఒక ముక్క రాయడం. అయిదారు ముక్కలున్నాయి నా దగ్గర, వాటినే తిప్పి తిప్పి రాసేవాణ్ణి. ఒక్కోసారి గడుల్లో రెండు పదాలు కంటపడితే ఆ రెండూ కలిపి రాసేవాణ్ణి, చదివినట్టుండాలని. పైవాళ్ళు నా ముద్ర ఉందో లేదో చూసి కొట్టేవారు."

"జూన్‌ది?"

"జూన్‌ది చదవలేదు. జనవరిదీ చదవలేదు. ఈ పొద్దున మీ ఆవిడ ఎదుట పెట్టినదే నేను చదివిన మీ మొదటి చీటీ."

"ఎనిమిదేళ్ళూనా?"

"ఎనిమిదేళ్ళూ" అన్నాడు ఇనగాకి. ఈసారి వంగలేదు. నిటారుగా నిలబడే ఏడుస్తున్నాడు.

తోకికో భర్త ముఖం వంక చూడలేకపోయింది. పందొమ్మిది వేల చీటీలు. తడి చేతులతో, చల్లారిన సూపు పక్కన, అంచుల దాకా. ఇంతకంటే అబద్ధమే నయం కదా, ఈ మనిషి దీన్నెలా మోస్తాడు అనుకుంది.

నగుమో నెమ్మదిగా చెప్పాడు. ఫిట్ తరువాత ఆ నాలుగు రోజులు రావడం కూడా ఆ మూర్ఛలో భాగమేనని, అది ఈయన స్వభావం కాదని, అంత రాయడం కూడా దానివల్లే కావచ్చని. మందు మార్చి చూడవచ్చని. ఈ రాత్రికి ఇంటికి పంపనని, వెనక భవనం నుంచి మనిషిని ఇప్పుడే ఇక్కడికి రప్పిస్తానని. అయిదు నెలల ఖాళీ లేని భవనం ఒక్క ఫోనుకే కదిలొస్తుందని అప్పుడు తెలిసింది. తోకికో దాన్ని మనసులో పెట్టుకుంది, తరువాత తిట్టడానికి.

సెగావా ఇదేదీ విన్నట్టు లేడు. కీబోర్డు మీది చీటీలనే చూస్తున్నాడు. ఆ మూడు ఎర్ర ముద్రలనూ, ఒరిగి దండం పెడుతున్న ఆ చిన్న ముద్రనూ. చాలాసేపటికి భార్య వైపు తిరిగాడు.

"అయితే ఎవరూ సరేననలేదన్నమాట" అన్నాడు.

"ఎవరూ అనలేదండీ" అంది తోకికో. "నా దాకా వచ్చుంటే చింపి పొయ్యిలో పెట్టేదాన్ని."

ఆయన భుజాలు దిగాయి. సోమవారం నుంచి తిండి లేని ఆ మనిషి, అక్కడ తినడానికి ఏమైనా దొరుకుతుందా అని అడిగాడు.